చిరును తెలుగులో జింక అనవచ్చా?

టిబెట్ పీఠభూమిలో తిరిగే చిరు అనే జంతువును తెలుగులో ఏమనాలి, జింక అంటే సరిపోదా అని అడిగారు. సరిపోదనే నా అభిప్రాయం. చిరు అన్న పేరునే ఉంచుకోవాలి.

జింక అన్న ఒక్క మాట కింద మనం ఇప్పటికే రెండు వేర్వేరు కుటుంబాల జంతువులను కలిపేశాం. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింక కొమ్ములు చీలవు, రాలవు. తెలంగాణ రాష్ట్ర జంతువైన చుక్కల జింకలో మగదాని కొమ్ములు శాఖలుగా చీలి, రాలిపోయి మళ్ళీ మొలుస్తాయి. చిరు పోతు నిటారుగా లేచిన నల్లని కొమ్ములతో చూపులకు కృష్ణజింకను గుర్తుకు తెచ్చినా, జన్యువులను పరిశీలించిన శాస్త్రజ్ఞులు దానిని మేకలకూ గొర్రెలకూ దగ్గరి చుట్టంగా తేల్చారు. చిరు అంటే మనకు చిన్నదని అర్థం కదా అన్న అభ్యంతరం రావచ్చు గానీ, చిరుగాలినీ చిరునవ్వునూ ఎవరూ జంతువుగా పొరబడరు.

ఈ పేరు విషయంలో నాకింత పట్టుదల ఎందుకో చెప్పాలి. సైన్యంలో ఉండగా ఒక వేసవిని లద్దాఖ్ ఉత్తరపు కొసన, దౌలత్ బేగ్ ఓల్డీ పరిసరాల్లో గడిపాను. సముద్రమట్టానికి ఐదు వేల మీటర్ల ఎత్తు, బూటు లేసు కట్టుకోవడానికి వంగినా ఆయాసం వచ్చే చోటు. ఒక ఉదయం దారిలో బండి టైరు మారుస్తుండగా, మాతో వచ్చిన లద్దాఖీ పోర్టర్ నా భుజం తట్టి దూరంగా చూపించాడు. నాకు గులకరాళ్ళ మైదానం తప్ప ఏమీ కనిపించలేదు. బైనాక్యులర్ నా కళ్ళకు ఆనించి, సరైన వైపుకు తిప్పి, "త్సోస్, సాబ్" అన్నాడు. వాళ్ళ భాషలో చిరు పేరు అదే. కొమ్ములు లేని ఆడవి, పక్కన పిల్లలు. గాలి తగలకుండా నేలను గిట్టలతో గీరి చేసుకున్న లోతులేని గుంటల్లో ఒదిగి పడుకున్నాయి. మాలో ఒకరు, శాలువాల అంగళ్ళలో చెప్పే మాటనే అక్కడా చెప్పారు: ఇవి పొదలకు ఒళ్ళు రాసుకుంటే అంటుకున్న ఉన్నిని ఏరి షాతూష్ శాలువాలు నేస్తారట, అని. ఆ పోర్టర్ లేచి నిలబడి, చుట్టూ చెయ్యి తిప్పి, "ఒక్క పొద చూపించండి సాబ్" అన్నాడు. మోకాలెత్తు మొక్క కూడా లేదు.

షాతూష్ అనే పేరు చేసిన అన్యాయం అదే. పారసీకంలో రాజుల ఉన్ని అని చెప్పుకునే ఆ మాట వినగానే మనసులోకి దర్బారు వస్తుంది గానీ జంతువు రాదు. కొన్నవారికి ఉన్ని పేరు తెలుసు, జంతువు పేరు తెలియదు. ఆ రెంటికీ సంబంధం తెలియనివ్వకుండా వ్యాపారం పొదల కథను అడ్డుపెట్టింది. చిరు లోపలి బొచ్చు పోగు సుమారు 9 నుంచి 12 మైక్రాన్ల మందమే ఉంటుంది, అందుకే శాలువా మొత్తం ఉంగరంలోంచి దూరిపోతుంది. ఆ బొచ్చును బతికున్న చిరు నుంచి తీయడం కుదరదు. ఒక్క శాలువాకు మూడు నుంచి ఐదు ప్రాణాలు పోతాయి. జార్జ్ షాలర్ వంటి జీవశాస్త్రజ్ఞులు టిబెట్‌లో తిరిగి ఈ సంగతిని లోకానికి చెప్పేనాటికి మందలకు మందలే నేలకూలాయి. ఇప్పటికీ ఆ ఉంగరం విద్యను అద్భుతంగా వర్ణించే వ్యాసాలు కనిపిస్తే నాకు కోపం వస్తుంది. మా అమ్మమ్మది, పాతదే అంటూ పెళ్ళిళ్ళకు కప్పుకుని వచ్చేవారి మీద అంతకన్నా ఎక్కువ కోపం వస్తుంది, ఎందుకంటే అలా చూసినవారికే కొత్తది కావాలనిపిస్తుంది.

చట్టం చేతిలో ఉండి కూడా ఆలస్యం చేశాం. అంతర్జాతీయ వ్యాపారం 1979లోనే పూర్తిగా నిషిద్ధమైనా, అప్పట్లో ప్రత్యేక వన్యప్రాణి చట్టం ఉన్న జమ్మూ కశ్మీర్‌లో 2002 దాకా దీనికి పూర్తి నిషేధం అందలేదు. ఈలోగా 1994 జనవరిలో చైనాలోని కెకెషిలీలో వేటగాళ్ళను పట్టుకున్న టిబెటన్ అధికారి సోనమ్ దార్గ్యే వారి తుపాకులకే బలయ్యారు. ఆయన తరవాత గస్తీ పెరిగింది, మందలు కోలుకున్నాయి, 2016లో చిరును అంతరించే ప్రమాదమున్న జాబితా నుంచి రెండు మెట్లు కిందికి దించారు. అది అక్కడి మాట. మన దేశంలో లద్దాఖ్‌లో తప్ప ఎక్కడా లేవు, అక్కడా వేసవిలో కనిపించేవి కొన్ని వందలే.

కాబట్టి తెలుగులో షాతూష్ గురించి రాసేవారు అదే వాక్యంలో చిరు పేరూ రాయాలని నా కోరిక. నేతగాళ్ళ పొట్ట కొడుతున్నారన్న వాదనకూ జవాబుంది: లద్దాఖ్‌లోని చాంగ్‌థాంగ్‌లో చాంగ్‌పా అనే పశుపాలకులు పెంచే మేకల బొచ్చును దువ్వి తీస్తారు, మేకకు ప్రాణహాని ఉండదు, శ్రీనగర్ మగ్గాలకు ఆ పశ్మీనాతో పని దొరుకుతుంది. కశ్మీర్ పశ్మీనాకు 2008లోనే, పుట్టిన ప్రాంతాన్ని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) ముద్ర వచ్చింది. మంచి శాలువా కావాలనుకునేవారు ఆ ముద్ర ఉన్నదే అడిగి కొనండి, ఉంగరంలోంచి దూర్చి చూపించే చోట మాత్రం కొనకండి.