ఇంట్లో పెంచే తులసి, పుదీనాలకు ఎంత వెలుతురు కావాలి?
కిటికీ దగ్గర పెట్టిన తులసి, పుదీనా ఎందుకు సన్నగా సాగిపోతాయన్న ప్రశ్నకు సమాధానం చాలావరకు వెలుతురు కొరతే. కణుపుల మధ్య దూరం పెరిగి, ఆకులు చిన్నవై, కాండం కిటికీ వైపు వంగుతున్నదంటే మొక్క వెలుగును వెతుక్కుంటున్నదని గ్రహించాలి. అప్పుడు చాలామంది ఎరువు వేస్తారు గానీ, దానివల్ల ఆ సాగుడు తగ్గదు. తులసికి రోజుకు కనీసం 6 గంటలు నేరుగా ఎండ తగలాలి, పుదీనా 4 గంటలతోనూ సరిపెట్టుకుంటుంది. కిటికీకి దూరం జరిగేకొద్దీ వెలుతురు మన కంటికి తెలిసేదానికన్నా ఎంతో వేగంగా తగ్గిపోతుంది కనుక, కుండీని అద్దానికి దగ్గరగా ఉంచి, అప్పుడప్పుడు తిప్పుతుండాలి. ఎండ రాని ఇంట్లో తెల్లని ఎల్‌ఈడీ దీపాన్ని మొక్కల కొనలకు 15 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తున అమర్చి, రోజుకు 12 నుంచి 14 గంటలు వెలిగించి, రాత్రి ఆర్పివేయాలి.