స్కానింగ్ కంప్యూటర్‌కు యాంటీవైరస్ చాలా?

ప్రశ్న: మాది చిన్న డయాగ్నస్టిక్ సెంటర్. సీటీ మెషీన్‌తో వచ్చిన కంప్యూటర్‌లో ఇంకా విండోస్ 7 ఉంది. ముట్టుకుంటే వారంటీ పోతుందని సర్వీస్ ఇంజినీరు అంటున్నారు. యాంటీవైరస్ వేస్తే చాలా?
– ఓ పాఠకుడు, నెల్లూరు

జవాబు: చాలదు. కంపెనీని అడక్కుండా అసలు వేయొద్దు. స్కాన్ మధ్యలో అది ఏ ఫైల్‌నైనా ఆపిందంటే ఇమేజ్‌లు సేవ్ కావు. విండోస్ 7కి 2020 జనవరి 14నే కాలం చెల్లింది. కోట్లు పోసి కొన్న మెషీన్ నిక్షేపంగా పనిచేస్తున్నా లోపలి సాఫ్ట్‌వేర్‌కు దిక్కు లేకపోవడం తయారీదారుల నిర్వాకం. మోసేది మాత్రం మీరు.

మీరు అడగని సంగతే నన్ను ఎక్కువ భయపెడుతోంది. డాక్టరుగారు ఇంటి దగ్గర ఫోన్లో స్కాన్ చూడాలన్నారని ఎవరైనా రూటర్‌లో 104 గానీ 11112 గానీ పోర్ట్ ఫార్వర్డ్ చేశారా, అంటే బయటి ఇంటర్నెట్ నుంచి నేరుగా స్కాన్ల దగ్గరికి దారి తెరిచారా? స్కాన్లు పంపుకునే డైకామ్ పద్ధతి ఆసుపత్రి నాలుగు గోడల మధ్య వాడకానికి పుట్టింది. మామూలు సెటప్‌లో పాస్‌వర్డ్ అడగదు, ఏఈ టైటిల్ అనే పేరు చెబితే తలుపు తీస్తుంది. చాలా చోట్ల ఆ పేరునూ సరిచూడరు. బొమ్మతో పాటు రోగి పేరు, పుట్టిన తేదీ, ఐడీ అదే ఫైల్లో ఉంటాయి.

ఆ ఫార్వర్డింగ్ ఇవాళే తీసేయండి, రూటర్‌లో ఇలాంటి దారులను తనంతట తానే తెరిచే యూపీఎన్‌పీని ఆపండి. డాక్టరుగారికి వీపీఎన్ (లాగిన్ అయితేనే లోపలికి వచ్చే రహస్య దారి) ఇవ్వండి. సీటీ కంప్యూటర్‌ను రిసెప్షన్, బిల్లింగ్, వైఫైలతో కలపకుండా వేరే వీలాన్‌లో (అదే నెట్‌వర్క్‌లో విడదీసిన భాగంలో) పెట్టి, అక్కడి నుంచి స్కాన్లు దాచే ప్యాక్స్ సర్వర్‌కు డైకామ్ పోర్ట్ ఒక్కటే తెరిచి ఉంచండి. ఫైల్ షేరింగ్ పోర్ట్ 445, రిమోట్ డెస్క్‌టాప్ పోర్ట్ 3389 మూసేయాలి. 2022 నవంబరులో సైబర్ దాడి జరిగి ఢిల్లీ ఎయిమ్స్‌లో ఐదు సర్వర్లు దెబ్బతిన్నాయి, దాదాపు 1.3 టెరాబైట్ల డేటా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం పడి, తెరుచుకోకుండా పోయింది. నెట్‌వర్క్‌ను సరిగా విడదీయకపోవడమే కారణమని కేంద్రం పార్లమెంటులో చెప్పింది. అంత పెద్ద ఆసుపత్రి రోజుల తరబడి కాగితాల మీద నడిచింది.

ఇంజినీరు పెట్టిపోయిన రిమోట్ సాఫ్ట్‌వేర్‌కు శాశ్వత పాస్‌వర్డ్ ఉంటే తీసేయండి. ఆయన ఫోన్ చేసినప్పుడే ఆన్ చేసి, పని కాగానే ఆపండి. బ్యాకప్ డిస్క్‌ను కాపీ అయ్యాక ఊడదీసి బీరువాలో పెట్టండి.

ఇక పెన్‌డ్రైవ్‌లు! రోగి బంధువు జేబులోంచి తీసివ్వగానే నేరుగా సీటీ కంప్యూటర్‌కే గుచ్చే టెక్నీషియన్లకు ఎన్నిసార్లు చెప్పాలి? కాపీలు ఇవ్వడానికి విడిగా ఓ పాత పీసీ పెట్టుకోండి. సీటీ కంప్యూటర్ యూఎస్‌బీ పోర్టులను కంపెనీవాళ్ల చేతే బ్లాక్ చేయించండి.