‘మా వైపు ఇంత పిరికివాళ్లు లేరు’ అంటున్నారు అత్తగారు

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. ఇద్దరు మగపిల్లలు. పెద్దవాడికి 13 ఏళ్లు, ఎక్కడ వదిలినా బతికేస్తాడు. చిన్నవాడికి 10 ఏళ్లు, ఐదో తరగతి. ఎవరు గొంతు పెంచినా కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. సోమవారం వచ్చిందంటే కడుపునొప్పి. ధైర్యం రావాలని దీపావళికి మావారు డాబా మీద వాడి పక్కనే లక్ష్మీబాంబు కాల్చారు. అప్పట్నుంచీ వాడు డాబా ఎక్కడం లేదు. ‘అంతా నీ పుట్టింటి రక్తం’ అని అత్తగారు, ‘నీ గారాబం’ అని మావారు. రాటుదేలతాడని ఆరో తరగతికి విజయవాడ హాస్టల్లో వేస్తామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు రక్తం సంగతి తేల్చేద్దాం. అత్తగారి మాటలో సగం నిజముంది, ఆ సగంలో మళ్లీ సగం ఆవిడ వైపుదే. బ్రిటన్‌లో 17 ఏళ్ల కవలలను పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, సున్నితత్వంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాల్లో సుమారు 47 శాతం జన్యువుల వల్ల వచ్చినవి. మిగతావి పరిసరాల వల్ల. ఆ పరిసరాలు కూడా ఇంటిల్లిపాదికీ ఉమ్మడివి కావు, ఎవరికి వారికి విడిగా ఎదురైనవి: ఎవరి టీచరు, ఎవరి స్నేహితులు, ఎవరి జబ్బులు. కాబట్టి ‘ఒకే ఇంట్లో పెరిగారుగా’ అనే వాదన నిలబడదు. ఇందులో పనిచేసేది ఏ ఒక్క జన్యువో కాదు, చాలా జన్యువులు, ఒక్కోటీ కొద్దికొద్దిగా. జీన్ టెస్ట్ చేయిస్తామని ఎవరైనా వస్తే డబ్బులు దాచుకోండి.

థామస్ బాయ్స్, బ్రూస్ ఎల్లిస్ అనే పరిశోధకులు 2005లో ఇలాంటి పిల్లలను ఆర్కిడ్ పూలతో పోల్చారు. మన పొన్నూరు వైపు భాషలో తమలపాకు తీగ అనుకోండి. అవిసె నీడ, తడి తప్పకుండా ఉంటే కోత మీద కోత. వడగాలి తగిలితే వాలిపోతుంది. జిల్లేడుకు రెండూ ఒకటే. మీ పెద్దవాడు జిల్లేడు బాపతు (తిట్టు కాదండోయ్). చిన్నవాడికి కటువు తగిలితే ఎంత కుంగిపోతాడో, మంచి తగిలితే అంతకంత ఎదుగుతాడు. మీరు చేసే ప్రతి పనీ పెద్దవాడి మీద కంటే వీడి మీద ఎక్కువ పనిచేస్తుంది. మీవారికి అర్థం కావలసింది ఇదే.

బాంబు ఎందుకు బెడిసికొట్టిందంటే, అది చెప్పకుండా పేలింది, ఆపే వీలు వాడి చేతిలో లేదు. ముందు మీవారు ‘చెప్పకుండా కాల్చడం నాదే తప్పు’ అని వాడితో అనాలి. తర్వాత డాబా పని కూడా ఆయనే చేయాలి. పగటిపూట సగం మెట్ల దాకా ఎక్కి ఇద్దరూ కూర్చోవాలి. ‘భయం పదికి ఎంత?’ అని అడగాలి. 7 అంటే, అది 3కో 4కో దిగేదాకా అక్కడే కబుర్లు. పావుగంటో, 20 నిమిషాలో పట్టొచ్చు. 7 దగ్గరే కిందికి తెచ్చేస్తే ‘దిగిపోయాను కాబట్టి బతికాను’ అని బుర్ర నేర్చుకుంటుంది, రేపు ఇంకా గట్టిగా బిగుసుకుంటాడు. ఒక మెట్టు మూడు రోజులు వరసగా తేలికైతేనే పై మెట్టు. ‘అన్నయ్యను చూడు’ అనే మాట ఈ ఇంట్లో ఇక వినపడకూడదు.

గారాబం మాటకొస్తే, మీరు తడబడే చోటు సోమవారం. ఆ నొప్పి నటన కాదు, కంగారుకు పేగులు నిజంగానే మెలిపెడతాయి. రాత్రి నిద్రలో నొప్పి లేపుతున్నా, వాంతులైనా, బరువు తగ్గినా పిల్లల డాక్టరుకు చూపించండి. అవేవీ లేకపోతే ‘నొప్పిగా ఉందని తెలుసురా, అయినా వెళ్దాం’ అనండి, బడికి పంపండి. ఇంట్లో ఉంచిన ప్రతి సోమవారం వచ్చే సోమవారాన్ని ఇంకాస్త బరువు చేస్తుంది. సాయంత్రం రాగానే ట్యూషన్‌కు తోలకుండా అరగంట ఎవరూ పలకరించకుండా వదిలేయండి. ఈ వయసుకు రాత్రి కనీసం 9 గంటల నిద్ర కావాలి.

హవాయి దీవుల్లోని కవాయ్‌లో 1955లో పుట్టిన పిల్లలను ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, ఇంట్లో గొడవలు వంటి కష్టాల మధ్య పెరిగినవాళ్లలోనూ మూడింట ఒక వంతు నిలదొక్కుకున్నారు. వాళ్లలో చాలామందికి అమ్మో నాన్నో, తాతో, టీచరో, నమ్మకంగా ఆనుకోవడానికి ఒక పెద్దమనిషి ఉన్నారు.

హాస్టల్లో వేస్తే వాడికి ఆ మనిషే దూరమవుతారు. అందుకే ఆరో తరగతికి వద్దంటాను. గుంటూరులోనే చదివించండి. ఈ వేసవిలో పిన్ని ఇంట్లోనో మేనమామ ఇంట్లోనో ఒక రాత్రి, అది కుదిరాక మూడు రాత్రులు, తర్వాత వారం ఉంచి చూడండి. వారం హాయిగా గడిపి వస్తే, ఎనిమిదో తరగతికి వాడినే అడగండి.

ఇవన్నీ చేసినా రెండు వారాలకు మించి బడికి వెళ్లలేకపోయినా, తిండి, నిద్ర చెడినా గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్) మానసిక వైద్య విభాగంలో చూపించండి. ‘నేను లేకపోతే బాగుండు’ లాంటి మాట ఒక్కసారి వచ్చినా అసలు ఆగొద్దు, వెంటనే తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.