కిరాయిలతోనే కిస్తీ ఎల్లిపోతదా?

ప్రశ్న: నేను మిర్యాలగూడ దగ్గర ప్రభుత్వ టీచర్‌ని. నల్లగొండ టౌన్‌లో కింద రెండు మడిగెలు, పైన రెండు పోర్షన్లు ఉన్న బిల్డింగ్ 46 లక్షలకు చెబుతున్నారు. మడిగెలకు 9 వేల చొప్పున, పోర్షన్లకు 5,500 చొప్పున నెలకు 29 వేలు కిరాయి వస్తుందట. నా దగ్గర 18 లక్షలున్నాయి. 30 లక్షల లోన్ 9 శాతం వడ్డీకి 20 ఏళ్లకు తీసుకుంటే కిస్తీ 27 వేలు పడుతుంది. కిరాయిలతోనే కిస్తీ ఎల్లిపోతదని అమ్మేవాళ్లు అంటున్నారు. ఒక మడిగె అతను మాత్రం వంద రూపాయల బాండు మీద ఐదేళ్ల అగ్రిమెంట్ రాయించుకొని 3 లక్షలు అడ్వాన్స్ ఇచ్చాడట, ఇంకా మూడేళ్లు నాదే అంటున్నాడు. బయానా ఇవ్వొచ్చా?

జవాబు: ఇప్పుడే ఇవ్వకండి సార్. బిల్డింగ్ బాగాలేదని కాదు, లెక్క సగమే చేశారు.

రిజిస్ట్రేషన్ ఖర్చు మీ లెక్కలో లేదు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి మన రాష్ట్రంలో 7.5 శాతం, అంటే 46 లక్షల మీద 3 లక్షల 45 వేలు. మీ దగ్గరున్నది, బ్యాంకు ఇచ్చేది కలిపినా 48 లక్షలే, కావాల్సింది 49 లక్షల 45 వేలు. ఆ లక్షన్నర కోసం చేబదులు తెచ్చి మొదలుపెట్టారంటే మొదటి నెల నుంచే టెన్షన్.

ఇక కిస్తీ పోను నెలకు 2 వేలు, ఏడాదికి 24 వేలు మిగులుతాయి, అదీ అందరూ టైముకు కట్టి ఒక్క గది కూడా ఖాళీ కాకుంటేనే. ఒక్క మడిగె మూడు నెలలు ఖాళీగా ఉంటే 27 వేలు పోయినట్టే, ఇంటి పన్ను, కాలిపోయిన మోటారు, కారుతున్న స్లాబు ఇంకా లెక్కలోకే రాలేదు. పెట్టిన మొత్తం మీద వచ్చే కిరాయి ఏడాదికి 7 శాతం, బ్యాంకుకు కట్టేది 9 శాతం. ధర పెరుగుతుందన్న నమ్మకంతో కొంటే కొనండి, అది మీ ఇష్టం, కానీ కిరాయే కిస్తీ కడుతుందని మాత్రం అనుకోకండి. కనీసం ఆరు నెలల కిస్తీ పక్కన లేకుండా ఇలాంటిది కొనొద్దని నేనైతే చెబుతాను.

మడిగె అతని సంగతి. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ కావాల్సిందే, 1908 రిజిస్ట్రేషన్ చట్టం చెప్పేది అదే. కాబట్టి ఆ బాండుతో అతనికి మూడేళ్ల హక్కు రాదు, మామూలుగా నెలవారీ కిరాయిదారు కిందే లెక్క. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల నోటీసుతో కిరాయిదారీ ముగించవచ్చు. వినడానికి ఇది బాగానే ఉంటుంది. నోటీసు ఇచ్చినా లేవకపోతే సివిల్ కోర్టుకు వెళ్లాలి, కేసు తేలేదాకా కిరాయి రాకున్నా బ్యాంకు మీ కోసం ఆగదు కదా. కాబట్టి కొనకముందే అతనితో కూర్చొని మాట్లాడండి, మీ పేరు మీద కొత్త అగ్రిమెంట్‌కు ఒప్పుకుంటాడా, ఖాళీ చేస్తాడా తేల్చుకోండి. అమ్మేవాళ్లు చెప్పే కిరాయిలను నమ్మకుండా నలుగురినీ విడివిడిగా అడగండి. కొనేవాళ్లకు చూపించడానికి కిరాయి పెంచి చెప్పడం నేను చాలాసార్లు చూశాను.

అడ్వాన్స్ 3 లక్షలు అతను రేపు మిమ్మల్నే అడగొచ్చు, ఆస్తి బదిలీ చట్టం 109వ సెక్షన్ అతనికి ఆ దారి ఇస్తుంది. అందుకని అమ్మేవాళ్లకిచ్చే డబ్బులో 3 లక్షలు పట్టుకొని, ఆ బాధ్యత మీకు వచ్చిందని సేల్ డీడ్‌లో రాయించండి. అప్పుడు రిజిస్ట్రేషన్‌కు డబ్బు సరిపోయి పైన లక్షన్నర మిగిలినట్టు కనపడుతుంది, కానీ అది మడిగె అతని డబ్బు, దాంతో రంగులు వేయించకండి. రిజిస్ట్రేషన్ అయిన రోజే ఇక కిరాయి నాకివ్వాలని నలుగురికీ రాతపూర్వకంగా నోటీసు పంపండి. అమ్మకం సంగతి తెలియక పాత ఓనర్‌కు కట్టేసిన కిరాయిని మళ్లీ మీకు కట్టమని అడగలేరు.

ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపించే పత్రం), లింక్ డాక్యుమెంట్లు (పాత ఓనర్ల దస్తావేజులు), మున్సిపల్ పర్మిషన్ ప్లాన్ ఎలాగూ చూస్తారు. మడిగెలు రోడ్డు మీదున్నాయి కాబట్టి మాస్టర్ ప్లాన్‌లో ఆ రోడ్డు వెడల్పు ఎంత చూపించారో మున్సిపల్ ఆఫీసులో తప్పకుండా కనుక్కోండి, ముందు పది అడుగులు పోతే మడిగెలే పోతాయి. ఆస్తి తండ్రి నుంచి వచ్చిందైతే అమ్మేవాళ్ల అక్కచెల్లెళ్లతో కూడా సంతకాలు పెట్టించండి.

ఇన్‌కమ్ ట్యాక్స్‌లో కిరాయి మీద 30 శాతం తగ్గింపు, లోన్ వడ్డీ తగ్గింపు ఉంటాయి. కొత్త పన్ను విధానంలో ఉంటే మాత్రం, ఈ తగ్గింపులు కిరాయిని మించినప్పుడు ఇంటి మీద చూపించే నష్టాన్ని జీతంలోంచి తీసేయడానికి వీల్లేదు.

ఇంకోటి, చాలామంది టీచర్లు మరిచిపోయేది. మీరు ప్రభుత్వ ఉద్యోగి, 1964 ప్రవర్తనా నియమాల ప్రకారం స్థిరాస్తి కొనే ముందు మీ శాఖ నుంచి పర్మిషన్ తీసుకోవాలి. ఆ దరఖాస్తు ఇచ్చాకే బయానా మాట ఎత్తండి.