మొదటి పళ్ల సెట్టు చేస్తున్న మా అమ్మాయికి

తల్లీ,

మారతహళ్లి క్లినిక్‌లో మొదటి ఫుల్ సెట్టు నీకే అప్పగించారని, ఏ డిగ్రీ పళ్లు, అంటే మీది మొనలు ఎంత వాలుగా ఉన్నవి తీసుకోవాలో తెలియక టెన్షన్‌గా ఉందని మొన్న ఫోన్లో అన్నావు. డిగ్రీ సంగతి తర్వాత. ముందు మీ పేషెంటు ఆవిడ కింది చిగురు వేలితో తడిమి చూడు, రిడ్జ్, అంటే పళ్లు పోయాక మిగిలిన చిగురు గట్టు, ఎత్తుగా గట్టిగా ఉందా, అరిగి చదునైపోయిందా అని. ఆ తర్వాత పదిసార్లు నోరు మూయించి, ప్రతిసారీ ఒకేచోట మూస్తున్నారో లేదో గమనించు.

రిడ్జ్ బాగుండి దవడ కుదురుగా మూసుకుంటుంటే 30, 33 డిగ్రీల పళ్లతో బ్యాలెన్స్‌డ్‌గా, అంటే దవడ ఎటు కదిపినా రెండు వైపులా పళ్లు తగిలేలా అమర్చుకోవచ్చు. చదును రిడ్జ్ మీద అంత ఎత్తు కస్ప్‌లు (పన్ను మీది మొనలు) పెడితే మాత్రం నమిలినప్పుడల్లా కింది సెట్టు పక్కకు జారుతుంది. కొత్తలో నేనీ తప్పు చేశాను. జయనగర్ నుంచి వచ్చే ఒక పెద్దాయనకు చిగుళ్లు పుండ్లు పడి, సెట్టు గ్లాసులో పడేసి మూడు వారాలు పెరుగన్నంతోనే గడిపారు, ఆయన ముఖం నాకింకా గుర్తే. మళ్లీ లింగ్వలైజ్డ్ పద్ధతిలో చేసిచ్చాను, అంటే పై దంతాల అంగిలి వైపు కస్ప్ ఒక్కటే కింది పళ్ల నడిమి గుంటలో తగులుతుంది, బుగ్గ వైపు కస్ప్‌లు అసలు తగలవు. అప్పుడు తినగలిగారు. ఇప్పటికీ ఎక్కువమందికి నేను చేసేది అదే. 0 డిగ్రీ పళ్లు దవడ బొత్తిగా కుదురు లేనివాళ్లకు మంచివే గానీ, కూరముక్క సరిగ్గా నలగదు, చూపుకీ చప్పగా ఉంటాయి.

కింది వెనక పళ్లు రిడ్జ్ నడినెత్తిన పెట్టు, లోపలికి జరిపితే నాలుకకు చోటుండదు, అది కదిలినప్పుడల్లా సెట్టు లేస్తుంది. రెట్రోమోలార్ ప్యాడ్ (కింది చిగురు వెనక చివర ఉండే మెత్తటి ఉబ్బు) ముందు రిడ్జ్ పైకెక్కే వాలు మీద పన్ను పెట్టకు, చోటు చాలకపోతే ఒక పన్ను తగ్గించెయ్. పై ముందు పళ్లు ఇన్సిసివ్ పాపిల్లాకి (అంగిలి ముందు భాగంలో ఉండే చిన్న బుడిపె) 8 నుంచి 10 మి.మీ. ముందుకు రావాలి, నోరు మూసినప్పుడు పైవీ కిందివీ ఒకదానికొకటి తగలకూడదు.

పై ముందు పళ్లు సరైన చోట ఉన్నాయో లేదో చూడటానికి పుస్తకంలో ఫిఫ్టీ ఫైవ్ అనిపించమని ఉంటుంది. మన పెద్దవాళ్లు చాలామంది ఆ ఫ అక్షరాన్ని రెండు పెదవులూ కలిపి పలుకుతారు, దాన్నిబట్టి ఏమీ తెలియదు. వంకాయ, వడియాలు అనమను, పై పళ్ల అంచు కింది పెదవి తడీ పొడీ కలిసే గీత దగ్గర ఆనాలి. సీసా, సాయంత్రం అన్నప్పుడు పళ్లు టకటకమంటే సెట్టు ఎత్తు ఎక్కువైనట్టే, దవడ విశ్రాంతిగా ఉన్నప్పుడు పళ్ల మధ్య 2 నుంచి 4 మి.మీ. ఖాళీ ఉందో లేదో మళ్లీ కొలువు.

ట్రై-ఇన్‌కి, అంటే మైనం మీద అమర్చిన పళ్లు నోట్లో పెట్టి చూసే రోజుకి, ఆవిడ కూతుర్ని కూడా రమ్మను. కిటికీ పక్కన కూర్చోబెట్టి అద్దం ఇచ్చి, కాసేపు వాళ్లనే మాట్లాడుకోనివ్వు. మైనం మీద పన్ను జరపడం ఐదు నిమిషాల పని, అక్రిలిక్ అయిపోయాక ఆ వీలుండదు, కాబట్టి ల్యాబ్‌వాళ్లు ఎంత తొందరపెట్టినా ఆవిడ సరే అనేదాకా పంపకు.

ట్రై-ఇన్ ఫొటోలు నాకు పంపు, పక్కనుంచి తీసినవి కూడా.

మీ పెద్దమ్మ