మీ ప్రశ్న – మా జవాబు: కుటుంబ ప్రార్థనలో కునికే పిల్లలు

ప్రశ్న: మా ఇంట్లో రోజూ రాత్రి 8 గంటలకు కుటుంబ ప్రార్థన జరుగుతుంది. మా అత్తగారు వరుస తప్పకుండా ఒక అధ్యాయం చదివిస్తారు. పదకొండేళ్ల బాబు, ఏడేళ్ల పాప ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నందువల్ల బైబిలు తెలుగుకు వారి నోరు తిరగదు. మొన్న 119వ కీర్తన చదువుతుండగా పాప నిద్రపోయింది. బాబేమో "ఇవన్నీ మనమెందుకు చదవాలి?" అన్నాడు. అత్తగారు నొచ్చుకున్నారు, నేను వాణ్ణి కసిరాను. నేను చేసింది తప్పా? – ఒక సహోదరి, తెనాలి.

జవాబు: సహోదరీ, ఆ కీర్తనలో 176 వచనాలున్నాయి, ఏడేళ్ల పాప నిద్రపోతే దాన్ని భక్తిలోపంగా లెక్కించనక్కరలేదు. ఎనిమిదేసి వచనాల చొప్పున అది 22 భాగాలుగా ఉంది కాబట్టి రాత్రికొక భాగం చదివించండి, మీ అత్తగారి వరుసా తప్పదు.

బాబును కసరడం మాత్రం తప్పే. ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయంలో పిల్లలకు నేర్పించమన్న 7వ వచనాన్ని మనం తరచుగా ఎత్తి చూపుతాం గానీ, ఈ మాటలు ముందుగా "నీ హృదయములో ఉండవలెను" అని పెద్దలకే చెప్పిన 6వ వచనాన్ని చప్పున దాటిపోతాం. "అభ్యసింపజేసి" అని మనం చదువుకునే చోట హీబ్రూ మాటకు పదును పెట్టడమనే అర్థం ఉంది. సానరాయి మీద కత్తిని ఒక్కసారి గట్టిగా అదిమితే పదును రాదు, తేలిక చేతితో పదేపదే ఆడించాలి. ఇంట కూర్చున్నప్పుడూ, త్రోవన నడిచేటప్పుడూ, పండుకొనేటప్పుడూ, లేచేటప్పుడూ మాట్లాడమన్నది అందుకే.

ఇక మీ అబ్బాయి అడిగిన ప్రశ్న అదే అధ్యాయం 20వ వచనంలో ఉంది: ఈ కట్టడలూ (అంటే దేవుడిచ్చిన నియమాలూ) విధులూ ఏమిటని కుమారుడు అడుగుతాడు. తండ్రి జవాబు ఆజ్ఞల పట్టికతో మొదలు కాదు, "మనము ఐగుప్తులో ఫరోకు దాసులమైయుంటిమి" అన్న జ్ఞాపకంతో మొదలవుతుంది. ఐగుప్తు (ఈజిప్టు) విడిచి వచ్చాక అరణ్యంలో పుట్టిన ఇశ్రాయేలీయులు దాన్ని చూడనే లేదు; అయినా "వారు" అనక "మనము" అనమన్నాడు మోషే. యొర్దాను నది నడిమి నుండి తెచ్చిన 12 రాళ్లను, మోషే తరువాత నాయకుడైన యెహోషువ గిల్గాలులో నిలబెట్టింది కూడా, రేపు పిల్లలు చూసి ఇవెందుకని అడిగినప్పుడు చెప్పడానికే.

కాబట్టి మీ అత్తగారిని ఆమె పాత బైబిలు తెరవమనండి. మన పెద్దల బైబిళ్లలో కొన్ని వచనాల పక్కన పెన్సిలుతో తేదీలు ఉంటాయి: ఒకటి ప్రసవం నాటిది, ఒకటి ఆసుపత్రి నాటిది, ఒకటి పంట పోయిన ఏటిది. ఆమె పుస్తకంలోనూ అలాంటి గుర్తు ఉంటే దాని కథ చెప్పమనండి. లేకపోతే ఏ కష్టంలో ఏ వచనాన్ని పట్టుకున్నారో చెప్పమనండి. బాబు అడిగిన "ఎందుకు"కు అంతకు మించిన జవాబు నాకు తోచదు.

భాష చిక్కు నిజమైనదే. 119వ కీర్తన నిండా వచ్చే "కట్టడలు" అన్న మాట వినగానే నేటి పిల్లవాడికి భవనాలు గుర్తొస్తే తప్పు వాడిది కాదు. ముందు ఇంగ్లీషులో చదవనిచ్చి, ఆ తరువాత తెలుగులో చదివించి, రాత్రికొక్క మాటకు అర్థం చెప్పండి. పాపకు మాత్రం 117వ కీర్తన కంఠతకు ఇవ్వండి. అందులో ఉన్నవి రెండే వచనాలు, నిద్ర ముంచుకొచ్చేలోపు అయిపోతాయి.