బడికి వెళ్లలేని అమ్మాయికి ఓపెన్ టెన్త్ దారేనా?

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేనేళ్లు. ఏడాదిగా పొద్దున్నే కడుపునొప్పంటూ బడి మానేస్తోంది. ఆదివారాలు మాత్రం ఆ నొప్పి ఉండదు. పరీక్షలన్నీ చేయించాం, జబ్బేమీ లేదన్నారు. ఇప్పుడు పదో తరగతి. హాజరు సగం కూడా లేదు. ఓపెన్ టెన్త్ కట్టిద్దామంటే, దానికి విలువ ఉండదని మావారు ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, కర్నూలు

జవాబు: అమ్మా, ముందు మీవారి సందేహం తీరుస్తాను. 1989లో కేంద్రం నెలకొల్పిన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ గానీ, 1991 నుంచి నడుస్తున్న మన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం (ఓపెన్ స్కూల్) గానీ ఇచ్చే పదో తరగతి సర్టిఫికెట్‌తో ఇంటర్‌లో చేరవచ్చు. పద్నాలుగేళ్లు నిండితే చాలు, మీ అమ్మాయి అర్హురాలే. అయిదేళ్ల గడువులో ఒక్కో సబ్జెక్టూ వీలునుబట్టి రాసుకోవచ్చు. పాసైనదాన్ని మళ్లీ రాయనక్కర్లేదు. జాతీయ సంస్థలో లెక్కలు తప్పనిసరి కాదు, కానీ రేపు ఎంపీసీ అనో పాలిటెక్నిక్ అనో ఆశ ఉంటే ఇప్పుడు లెక్కలూ సైన్సూ వదలకండి.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ఓపెన్ టెన్త్ కాదు, ఆదివారం రాని కడుపునొప్పి. దాన్ని నటన అనుకోకండి. భయం ఆ వయసు పిల్లల్లో ఒంటినొప్పిగానే బయటపడడం మామూలు. వెక్కిరించే తోటిపిల్లలా, అందరిముందూ మార్కులు చదివే ఉపాధ్యాయుడా, బస్సులో ఎవరిదైనా వేధింపా, అర్థంకాని పాఠమా అన్నది తేలకుండా బడి మార్పించినా మాన్పించినా, ఆ భయం రేపు కాలేజీ గేటు దగ్గర మళ్లీ ఎదురవుతుంది. నిలదీయకుండా, వంటింట్లో పక్కన కూర్చున్నప్పుడు మెల్లగా కదిపి చూడండి. పిల్లల మానసిక వైద్యుణ్ణి కలవండి. అంతవరకూ కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చేమీ లేదు.

ఈలోగా ప్రధానోపాధ్యాయులను కలిసి, వైద్యుడి చీటీ చూపించి, కొన్నాళ్లు మధ్యాహ్నం దాకా మాత్రమే పంపుతామని అడగండి. ఇష్టమైన రెండు పీరియడ్లతో మొదలుపెట్టి బడికి తిరిగి అలవాటుపడిన పిల్లలున్నారు. అదీ కుదరకపోతే ఓపెన్ స్కూలే మేలు, కానీ ఇంట్లో వేళాపాళా లేకపోతే పగలు నిద్ర, రాత్రి ఫోను అవుతుంది. ఓపెన్ స్కూల్ అధ్యయన కేంద్రంలో సెలవు రోజుల్లో జరిగే తరగతులకు తప్పక పంపండి. రోజూ మూడు గంటల చదువుకీ, నలుగురిలో కలిసే ఏదో ఒక పనికీ — సంగీతమో, ఆటలో, కుట్టుపనో — వేళ పెట్టండి.

పాస్ గ్యారంటీ అంటూ ఫీజుకు పదింతలు అడిగే దళారుల జోలికి పోకండి (వాళ్లు అమ్మేది చదువు కాదు). ఏ సర్కారు హైస్కూల్లో కేంద్రముందో మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలోనే చెబుతారు. అక్కడ ప్రవేశాల గడువు కనుక్కుని, సీటు ఖాయమయ్యాకే ఇప్పటి బడి నుంచి టీసీ తీసుకోండి.